చోటును తెలుపు మాటలు

"ఆవు" అను మాటకు అర్థమేమని పసివాడు అడిగినచో, వీధిలో నడచుచున్న ఆవును చూపి "అదిగో ఆవు" అని చెప్పవచ్చును. "పాలు" అనగా నేమో తెలియగోరినచో గిన్నెలోని పాలను చూపవచ్చును. కాని "క్రింద" అనగా నేమి? "నడుమ" అనగా నేమి? వానిని వ్రేలితో చూపుట సాధ్యమా? బల్ల క్రింద పిల్లి యున్నది. బల్లను చూపగలము, పిల్లిని చూపగలము, "క్రింద" అను వస్తువు మాత్రము ఎక్కడను కానరాదు. అది బల్లలోను లేదు, పిల్లిలోను లేదు. ఆ రెండింటికిని గల సంబంధములో నున్నది. పిల్లి బల్లమీదికి దుమికినంతనే, బల్లయు పిల్లియు మాఱకయే "క్రింద" పోయి "మీద" వచ్చును.

ఇట్టి మాటలు మన భాషలో పెక్కు కలవు. లో, వెలుపల, మీద, క్రింద, ముందు, వెనుక, ప్రక్క, నడుమ, కుడి, ఎడమ, దగ్గర, దూరము మున్నగునవి లేనిదే మనకు ఒక్క గడియ గడవదు. విద్యార్థులారా! మీరు విభక్తి ప్రత్యయములను వల్లించునప్పుడు "లో, లోపల" అనువానిని షష్ఠియందును, "అందు, ఇందు, న" అనువానిని సప్తమియందును చదివియుందురు. వానిని కంఠస్థము చేయుటకు మీకు కొన్ని దినములు పట్టియుండును. కాని వ్యాకరణమను పేరైనను వినని మూడేండ్ల పసివాడు "బంతి మంచం కింద ఉంది" అని తప్పు లేకుండ పలుకుచున్నాడు. వానిని ఎదుట కూర్చుండబెట్టి ఈ పాఠము చెప్పినవారెవరును లేరు. మఱి వాడు దీనిని ఎట్లు నేర్చెను? చిన్నదిగా కనబడు ఈ ప్రశ్న గడచిన నూఱేండ్లలో పెక్కుమంది విద్వాంసులను ఆలోచింపజేసినది. వారు కనిపెట్టిన విషయములలో కొన్నింటిని ఈ పాఠమున తెలిసికొందము.

మాటలు రాకమునుపే శిశువునకు చోటును గూర్చిన జ్ఞానము కొంత కలుగును. ప్రాకుచున్న బిడ్డను కొంతసేపు గమనింపుడు. చేతికందిన చెంచాను చెంబులో వేయును, తీయును, మరల వేయును. గిన్నెమీద గిన్నె నిలుపజూచును. గడపను ప్రాకి దాటును. తలుపు చాటున దాగిన తల్లికొఱకు అటు తొంగిచూచును. పెద్దలకు ఇది ఊరక ఆడుకొనుటగా తోచును. కాని ఏది దేనిలో పట్టునో, ఏది దేనిమీద నిలుచునో, కనబడనిది ఎక్కడ నుండునో బిడ్డ అప్పుడే పరీక్షించుచున్నది. మాటలు తరువాత వచ్చి ఈ జ్ఞానమునకు పేర్లు పెట్టును.

మొట్టమొదట వచ్చునది మాట కాదు, వ్రేలు. ఏడాది నిండువేళకు బిడ్డ తనకు కావలసినదానిని వ్రేలితో చూపనేర్చును. ఆ వ్రేలికి తోడుగా "ఇదిగో", "అదిగో" అను మాటలు చేరును. మన తెలుగులో ఈ తరగతి మాటల ఏర్పాటు మిక్కిలి చక్కనిది. "ఇ" దగ్గరిదానిని, "అ" దూరపుదానిని తెలుపును. ఎ, ఏ లు ప్రశ్నను తెలుపును. ఇక్కడ, అక్కడ, ఎక్కడ. ఇటు, అటు, ఎటు. ఇది, అది, ఏది. మొదటి అక్షరము మాఱినంతనే చోటు మాఱును. అయినను ఈ మాటలలో ఒక చిక్కున్నది. నేను కూర్చున్నచోటు నాకు "ఇక్కడ". వాకిట నిలుచున్న మీకు అదియే "అక్కడ". ఆవు ఎవరు పలికినను ఆవే; "ఇక్కడ" మాత్రము పలుకువానినిబట్టి మాఱును. మాటలాడువాడు మాఱినప్పుడెల్ల చోటు మాఱునని గ్రహించుటకు పసిపిల్లలకు కొంతకాలము పట్టును.

పిమ్మట లో, మీద, క్రింద అనునవి వచ్చును. ఇవి మూడును ఒక్కసారిగా వచ్చునా? ఈవ్ క్లార్క్ అను భాషాశాస్త్రజ్ఞురాలు 1973లో ప్రకటించిన ప్రయోగమొకటి ఈ సందర్భమున తెలిసికొనదగినది. ఆమె ఒకటిన్నర యేండ్లు మొదలు ఐదేండ్ల వఱకు గల పిల్లలను ఎన్నుకొని, చిన్న బొమ్మలను ఇచ్చి, వానిని ఒక వస్తువు లోపల, మీద, లేక క్రింద పెట్టుమని కోరెను. మిక్కిలి చిన్నపిల్లలు చేసినది వింతగా నున్నది. ఎదుట నున్న వస్తువు పెట్టెవలె బోలుగా నున్నచో, ఏ మాట చెప్పినను వారు బొమ్మను అందులో వేసిరి. బల్లవలె చదునుగా నున్నచో, ఏ మాట చెప్పినను దానిమీద పెట్టిరి. కావున "లో" అను మాట అడిగినప్పుడు వారి పని ఎల్లప్పుడు ఒప్పుగానే కనబడెను. "మీద" అను మాట కొన్ని వేళల ఒప్పును, కొన్ని వేళల తప్పును అయ్యెను. "క్రింద" అనునది ప్రతిసారియు తప్పిపోయెను.

దీని భావమేమి? ఆ పిల్లలకు "లో" అను మాట తెలియుననియు, "క్రింద" అను మాట తెలియదనియు మనము తొందరపడి తీర్పు చెప్పరాదు. మాట అర్థము పూర్తిగా తెలియనప్పుడు పిల్లలు వస్తువును చూచి, అది దేనికి తగియున్నదో ఊహించి, ఆ పని చేయుదురు. పెట్టె వేయుటకు, బల్ల పెట్టుటకు. వారి ఊహ ప్రపంచమును గూర్చి సరియైనదే. మాటను గూర్చి మాత్రము అసంపూర్ణమైనది. క్రమముగా మాటను విని, పెద్దలు చేయు పనిని చూచి, తన ఊహను మాటకు లోబఱచుకొనుట బిడ్డ నేర్చును.

ఇచట మనము ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. "చెంబును పీట క్రింద పెట్టుము" అని రెండేండ్ల తమ్మునితో చెప్పితిరనుకొనుడు. వాడు చెంబును పీటమీద పెట్టి, మీ ముఖము చూచి నవ్వును. "చెప్పినమాట వినడు, మొండివాడు" అని మీరు గద్దింతురు. నిజమునకు వాడు మాటను ధిక్కరింపలేదు. తనకు తెలిసినంతవఱకు సంతోషముతో ఆజ్ఞ నెఱవేర్చినాడు. మెప్పు దొరకునని నవ్వినవానికి దెబ్బ దొరకినచో, వాడు ఆ మాటను నేర్చుకొనునా? మాటలాడుటకే జంకును. పిల్లల అవిధేయత అని మనము తలచుకొనునది కొన్ని యెడల కేవలము ఒక మాటయొక్క అర్థము ఇంకను చేతికందకపోవుటయే.

లో, మీద, క్రింద అను మాటల తరువాత ఏవి వచ్చును? జుడిత్ జాన్‌స్టన్, డాన్ స్లోబిన్ అను పండితులు 1979లో ప్రకటించిన పరిశోధనయందు ఆంగ్లము, ఇటాలియను, సెర్బో-క్రొయేషియను, టర్కీ భాషలు మాటలాడు పిల్లలను పరీక్షించిరి. ఆ పిల్లలు రెండేండ్లు మొదలు నాలుగేండ్లు దాటిన వయస్సువారు. భాషలు వేఱైనను నేర్చుకొనుక్రమము దాదాపు ఒక్కటిగానే యుండెను. మొదట లో, మీద, క్రింద, ప్రక్క; పిమ్మట నడుమ; ముఖము గల వస్తువులకు ముందు, వెనుక; అందఱికంటె ఆలస్యముగా ముఖము లేని వస్తువులకు ముందు, వెనుక. దేశము ఏదైనను బిడ్డ బుద్ధి ఎదుగుక్రమము ఒక్కటి గనుక మాటల క్రమమును ఒక్కటియే అయ్యెను. "నడుమ" అనుదానికి ఒక వస్తువు చాలదు. రెండు వస్తువులను ఒక్కమాఱు మనస్సున నిలుపుకొనవలెను. అందుచేత అది "లో" కంటె ఆలస్యముగా వచ్చుట సహజము.

ఆ పరిశోధనలో మఱియొక విశేషము కనబడెను. ఆంగ్లేయ బాలురకంటె టర్కీ బాలురు ఈ మాటలను ఎక్కువగా, త్వరగా నేర్చియుండిరి. దానికి కారణములలో ఒకటిగా పరిశోధకులు చెప్పినది ఇది. ఆంగ్లమున చోటును తెలుపు మాట నామమునకు ముందు వచ్చును. టర్కీ భాషలో నామమునకు తరువాత వచ్చును. వాక్యమున చివర వినబడు భాగము పసిచెవికి సులభముగా పట్టుబడును. మన తెలుగును టర్కీ భాషవలెనే "పెట్టెలో", "బల్లమీద", "చెట్టుక్రింద" అని ప్రత్యయమును నామమునకు వెనుక చేర్చును. ఇది తెలుగుబిడ్డకు కలిగిన ఒక సదుపాయమని తలచవచ్చును.

క్రమము ఒక్కటియే యైనను, చోటును విభజించు పద్ధతి మాత్రము అన్ని భాషలకు ఒక్కటి కాదు. గ్లాసు బల్లమీద నున్నది. ఉంగరము వ్రేలికి నున్నది. ఆంగ్లమున ఈ రెండింటికి ఒక్కటే మాట. తెలుగు అట్లు చెప్పదు. మనము "వ్రేలిమీద ఉంగరము" అనము. "వ్రేలికి ఉంగరము" అందుము. తలుపుకు గడియ, చెవులకు కమ్మలు, కాళ్లకు గజ్జెలు, చెట్టుకు కాయలు, గోడకు పటము. ఊరక ఆనియున్నదానికి "మీద". అంటిపెట్టుకొని, లేక చుట్టుకొని, లేక వ్రేలాడుచు నున్నదానికి "కి, కు". చెట్టుమీద కాకి యుండును. చెట్టుకు మామిడికాయ యుండును. కాకి ఎగిరిపోగలదు, కాయ కోయక రాదు. ఆ భేదమంతయు ఒక చిన్న ప్రత్యయములో ఇమిడియున్నది. హారము మాత్రము మెడకు గాక "మెడలో" నుండును. పూలు జడలో నుండును. ఈ సూక్ష్మములను ఏ తల్లియు బిడ్డకు బోధింపదు. తల్లి మాటలాడుచు పోవును. బిడ్డ ఏరుకొనుచు పోవును.

కొరియాదేశపు భాషలో పద్ధతి ఇంకను వేఱు. సూన్‌జా చోయ్, మెలిస్సా బవర్‌మన్ అను ఇరువురు విదుషీమణులు 1991లో దీనిని వివరించిరి. ఆ భాషలో "క్కిదా" అను క్రియ యొకటి కలదు. ఒక వస్తువు మఱియొక వస్తువునకు బిగువుగా అమరినచో ఆ క్రియనే వాడుదురు. వ్రేలికి ఉంగరము తొడుగుటయు, కలమునకు మూత బిగించుటయు, ఒఱలో వస్తువును ఇఱికించుటయు వారికి ఒక్క తరగతి పనులు. గిన్నెలో పండు వేయుట మఱియొక తరగతి. అది వదులు గనుక వేఱు క్రియ. లోపలయా, పైనా అని ఆంగ్లము అడుగును. బిగువా, వదులా అని కొరియా భాష అడుగును. మన తెలుగున "తొడుగు", "దూర్చు", "బిగించు" మొదలగు క్రియలు ఈ బిగువును కొంతవఱకు తెలుపుచున్నవి. రెండేండ్లు నిండకమునుపే కొరియాబిడ్డ తన భాష అడిగినట్లును, ఆంగ్లేయబిడ్డ తన భాష అడిగినట్లును చోటును విభజించుట ఆ విదుషీమణులు గమనించిరి.

అయినచో బిగువు, వదులు అను భేదము ఆంగ్లేయశిశువునకు తెలియనే తెలియదా? సూజన్ హెస్పోస్, ఎలిజబెత్ స్పెల్కీ అనువారు 2004లో దీనికి సమాధానము ప్రకటించిరి. ఆంగ్లము మాటలాడు కుటుంబములలోని ఐదు నెలల శిశువులకు వారు వస్తువులు బిగువుగాను వదులుగాను అమరుటను చూపిరి. బిగువు నుండి వదులునకు, వదులు నుండి బిగువునకు మాఱినప్పుడు శిశువులు ఎక్కువసేపు తేఱిపాఱ చూచిరి. అనగా వారికి ఆ భేదము తెలిసినది. శిశువు ఎన్నో భేదములను గుర్తింపగల శక్తితోనే యుండును. తన ఇంటిభాష వానిలో దేనిని అడుగునో దానిని పదును పెట్టుకొనును.

ఇప్పుడు "ముందు, వెనుక" అను జంటను చూతము. ఆవునకు ముఖము కలదు, బండికి కలదు, వాకిలియున్నందున ఇంటికిని కలదు. కావున "ఆవు ముందు", "ఇంటి వెనుక" అనుట సులభము. కాని చెంబునకు ముఖమేది? చెట్టునకు వీపేది? "చెట్టు వెనుక దాగినాడు" అనగా మనకు చెట్టునకు ఆవలివైపు అని అర్థము. చెట్టు మనవైపు తిరిగి నిలుచున్నట్లు ఊహించి, దానికి ముఖమును వీపును మనమే కల్పించినాము. ఆఫ్రికాఖండమున హౌసా భాష మాటలాడువారు దీనికి మాఱుగా ఊహింతురు. వారి మనస్సున చెట్టు తమవలెనే ఆవలికి తిరిగి నిలుచును. కావున మనము "వెనుక" అను చోటును వారు సాధారణముగా "ముందు" అందురు. రెండును న్యాయమైన ఊహలే. ఊహతో కూడిన పని గనుకనే ముఖము లేని వస్తువుల విషయమున పిల్లలు ఆలస్యముగా కుదురుకొందురు.

తెలుగుపండితులకు ప్రీతి కలిగించు విషయమొకటి ఇచట చెప్పదగును. చోటును తెలుపు మాటలలో కొన్ని మన శరీరమునుండియే పుట్టినవి. వెన్ను ఉన్నవైపు వెనుక. నడుము ఉన్నచోటు నడుమ. ప్రక్క యనగా దేహపు పార్శ్వము. సంస్కృతమున ఉదయసూర్యునకు అభిముఖముగా నిలిచిన మనుష్యుడే దిక్కులకు కొలత. ఎదుటనున్నది పూర్వము, అనగా తూర్పు, వెనుకనున్నది పశ్చిమము, కుడిచేతివైపు దక్షిణము. దక్షిణమనగా కుడి యనియు, దక్షిణదిక్కు అనియు రెండర్థములు కలుగుటకు ఇదియే కారణము. మనుష్యుడు మొదట తన దేహమును కొలబద్దగా చేసికొని లోకమును కొలిచెనని భాషయే సాక్ష్యమిచ్చుచున్నది. పసిబిడ్డయు తన దేహమునుండియే ఆరంభించును.

అన్నింటికంటె కఠినమైనవి కుడి, ఎడమలు. స్విట్జర్లాండు దేశమున జన్మించిన పియాజే అను ప్రసిద్ధ మనస్తత్త్వవేత్త 1920 ప్రాంతములలోనే ఈ విషయమును పరిశీలించెను. అతని లెక్క ప్రకారము, సుమారు ఐదాఱేండ్లకు బాలుడు తన కుడిచేతిని తాను చూపగలడు. ఎదుట నిలుచున్నవాని కుడిచేయి ఏదో చెప్పుటకు ఎనిమిదేండ్లు రావలెను. వరుసగా పెట్టిన మూడు వస్తువులలో నడిమిది ఒకదానికి కుడివైపునను, మఱియొకదానికి ఎడమవైపునను ఉన్నదని నిశ్చయముగా చెప్పుటకు పదునొకండేండ్లు రావలెను. ఒక్క వస్తువే కుడియు ఎడమయు కూడ కాగలదని అంగీకరించుట సామాన్యమైన పని కాదు.

ఈ చిక్కు వ్యాయామపు తరగతిలో ప్రతిదినము కనబడును. ఉపాధ్యాయుడు చిన్నతరగతి పిల్లలకు అభిముఖముగా నిలిచి "కుడిచేయి ఎత్తుడు" అని తానును కుడిచేయి ఎత్తును. పిల్లలలో సగముమంది ఎడమచేయి ఎత్తుదురు. వారు అద్దములో చూచినట్లు చేసిరి. కన్ను చెప్పినదానిని నమ్మిరి. తెలిసిన ఉపాధ్యాయుడు పిల్లలు చూచుచున్న దిక్కునకే తానును తిరిగి నిలిచి చేయి ఎత్తును. మన రైతులు ఈ చిక్కు లేకుండ ఏర్పాటు చేసికొన్నారు. నాగలికి కట్టిన జోడులో కుడివైపుది వలపటి ఎద్దు, ఎడమవైపుది దాపటి ఎద్దు. రైతును ఎద్దులును ఒక్కదిక్కునకే ముఖము పెట్టియుందురు గనుక ఎవరి కుడి అను సందేహము రాదు. నదికిని ఇట్టి నియమమే కలదు. కృష్ణానదిమీది నాగార్జునసాగర్ ఆనకట్టకు కుడికాలువ, ఎడమకాలువ అని రెండు కాలువలున్నవి. నది పాఱు దిక్కునకు ముఖము పెట్టి నిలిచినవాని కుడియెడమలనుబట్టి ఆ పేర్లు కలిగినవి. పల్నాడునకు పోవునది కుడికాలువ; నల్లగొండ, ఖమ్మములవైపు పోవునది ఎడమకాలువ.

ఎదుటివాని చోటునుండి చూచుట పిల్లలకు ఎంతవఱకు సాధ్యము? పియాజే, ఇన్హెల్డర్ అనువారు 1948లో ప్రకటించిన గ్రంథమున మూడు కొండల ప్రయోగమును వర్ణించిరి. బల్లపై మూడు కొండల నమూనాను పెట్టి, ఆవలివైపున నొక బొమ్మను నిలిపి, "ఆ బొమ్మకు కొండలు ఎట్లు కనబడును?" అని అడిగి, చిత్రములలో తగినదానిని ఏరుమనిరి. చిన్నపిల్లలు తమకు కనబడు దృశ్యమునే ఏరిరి. దీనినిబట్టి పసివారు తమ కన్నుతోనే గాని ఇతరుల కన్నుతో చూడలేరని పియాజే తలచెను. కాని మార్టిన్ హ్యూస్ అనునాతడు మఱియొక విధముగా అడిగెను. పోలీసు బొమ్మకు కనబడకుండ బాలుని బొమ్మను గోడల చాటున దాచుమనెను. మూడున్నర మొదలు ఐదేండ్ల పిల్లలు పదింట తొమ్మిదిసార్లు సరిగా దాచిరి. ఈ ప్రయోగమును మార్గరెట్ డొనాల్డ్‌సన్ 1978లో తన గ్రంథమున వివరించెను. దాగుడుమూతలాడిన పిల్లలకు దాగుట అనగా నేమో తెలియును. బిడ్డకు అర్థమగు పనిని అడిగినచో బిడ్డ తెలివి బయటపడును. అర్థము కానిదానిని అడిగి తెలివి లేదనుట న్యాయము కాదు.

కుడియెడమలతో పని లేని భాషలును కలవు. ఆస్ట్రేలియాఖండపు ఈశాన్యభాగమున గూగు యిమిథిర్ అను భాష కలదు. 1770లో ఓడ మరమ్మత్తుకొఱకు ఆ తీరమున ఆగిన కెప్టెన్ కుక్కు బృందము ఆ భాషనుండియే "కంగారు" అను మాటను గ్రహించినది. ఆ భాషను సంప్రదాయముగా మాటలాడువారు మనుష్యుని దేహమును కాక దిక్కులనే కొలతగా చేసికొందురు. "నీ కుడికాలి దగ్గర చీమ" అని వారనరు. "నీ ఉత్తరపుకాలి దగ్గర చీమ" అందురు. మెక్సికోలోని టెనెహాపా కొండప్రాంతమున త్సెల్తాల్ భాష మాటలాడువారు బల్లమీది వస్తువులనుగూర్చి కూడ "ఎగువ", "దిగువ" అని చెప్పుదురు. బాలిద్వీపమున కొండవైపు, సముద్రమువైపు అని చెప్పుదురు. ఆ దేశముల పిల్లలు బాల్యమునుండి ఈ మాటలనే వినుచు, ఎల్లప్పుడు దిక్కును ఎఱిగి మెలగుదురు. మనదేశమునకు చెందిన ఆర్. సి. మిశ్రా, స్విట్జర్లాండునకు చెందిన పియర్ దాసెన్ కలసి వారణాసి, నేపాలు, బాలి మొదలగుచోట్ల పిల్లలను పరీక్షించి 2010లో గ్రంథమును ప్రకటించిరి. దిక్కులతో చోటును చెప్పుట ఆ పిల్లలలో విరివిగా కానవచ్చినది.

మన పల్లెలకును ఈ పద్ధతి కొత్త కాదు. తూర్పువీధి, పడమటిచేను, ఉత్తరపుగట్టు అని రైతు చెప్పును. ఎగువ అహోబిలము, దిగువ అహోబిలము అని క్షేత్రమునకే పేర్లు కలవు. పల్లెలో పెరిగిన బాలుడు పట్టణమునకు వచ్చి, "తూర్పు ఎటు?" అని అడిగినచో నవ్వరాదు. మీకు రానిది వానికి వచ్చును.

చూపు లేని పిల్లలు ఈ మాటలను ఎట్లు నేర్తురు? బార్బరా లాండౌ, లైలా గ్లైట్‌మన్ అనువారు 1985లో ప్రకటించిన గ్రంథమున పుట్టంధురాలైన ఒక బాలికను గూర్చి వ్రాసిరి. మూడేండ్ల వయస్సున "పైకి చూడుము" అని ఆ బాలికతో చెప్పగా, ఆమె తల కదల్పక చేతులు పైకెత్తినది. కన్నులకు గంతలు కట్టుకొన్న చూపుగల పిల్లలు మాత్రము అదే మాటకు తల పైకెత్తిరి. ఆ బాలికకు చూచుట యనగా చేతులతో తడవి తెలిసికొనుట. "పైన" అనగా నేమో ఆమెకు చక్కగా తెలియును. కన్ను లేకున్నను చేతులు, కాళ్లు, చెవులు, తల్లి మాటలు కలసి ఆ బిడ్డకు చోటును నేర్పినవి.

ఇదంతయు మనమేల తెలిసికొనవలెను? మీలో పెక్కుమందికి ఇంట తమ్ముడో చెల్లెలో కలరు. తల్లి పనిలో నున్నప్పుడు ఆ బిడ్డతో మాటలాడువారు మీరే. ష్యానన్ ప్రూడెన్ మొదలగు పరిశోధకులు 2011లో ప్రకటించిన వ్యాసమున ఏబదిరెండుగురు పిల్లలను పదునాలుగవ నెల మొదలు నలుబదియాఱవ నెల వఱకు వారి ఇండ్లలో గమనించిన సంగతి కలదు. పెద్దది, పొడవు, గుండ్రము, మూల, అంచు వంటి మాటలను పెద్దలు ఎక్కువగా పలికిన ఇండ్లలో పిల్లలును వానిని ఎక్కువగా పలికిరి. అట్లు పలికిన పిల్లలు నాలుగున్నర యేండ్ల వయస్సున ఆకారములకు, చోటునకు సంబంధించిన పరీక్షలలో మేలుగా నుండిరి. నేడు మీరు చదువు రేఖాగణితమునకును, దేశపటములకును విత్తనము అప్పుడే పడుచున్నది.

కావున పసిపిల్లలతో మాటలాడునప్పుడు "అదేదో అక్కడ పడవేయి" అనుటకంటె "గిన్నెను పీటమీద పెట్టుము" అనుట మేలు. "అటు పోకు" అని వంటింటినుండి కేకవేసినచో మీ చేయి కానని బిడ్డకు "అటు" ఎటో తెలియదు. వీధిలో బండ్లు తిరుగువేళ ఆ తెలియకపోవుట ప్రాణాపాయమునకు దారితీయును. కేకవేయుట మాని, దగ్గరకు పోయి, చేయి పట్టుకొని "గడప దాటకు, ఇంటిలోపలనే ఉండు" అని చెప్పవలెను. బిడ్డ తప్పు చేసినప్పుడు "కాదు" అని ఊరకుండక, తానే చేసి చూపి మాటను మరల పలుకవలెను. నిమ్మకాయను చెంబులో వేసి "చెంబులో" అనియు, చెంబును బోర్లించి దానిపై పెట్టి "చెంబుమీద" అనియు, దానిని మూసి "చెంబుక్రింద" అనియు ఆట ఆడవచ్చును. గోలీవంటి చిన్న వస్తువులను మాత్రము వాడరాదు. బిడ్డ నోట పెట్టుకొనును.

పసివాడు "క్రింద" అను మాటను మొదటిసారి సరిగా అర్థము చేసికొన్నదినమును ఇంటిలో ఎవరును గుర్తింపరు. ఆ ఒక్క మాటకొఱకు వాడు ఎన్నో నెలలు వినియు, చూచియు, ప్రయత్నించియు శ్రమపడినాడు. వాని ప్రక్కన కూర్చుండి ఓపికతో మాటలాడినవారికి ఆ శ్రమలో సగపాలు కలదు.

ప్రశ్నలు

1. "క్రింద" అను మాటకు అర్థమును వ్రేలితో చూపుట ఏల సాధ్యము కాదు?
2. ఈవ్ క్లార్క్ ప్రయోగములో చిన్నపిల్లలు "లో" అను మాటకు ఎల్లప్పుడు సరిగా చేసినను, ఆ మాట వారికి తెలియునని ఏల చెప్పరాదు?
3. "చెట్టుమీద", "చెట్టుకు" అను రెంటికిని గల భేదమును మీ సొంత ఉదాహరణములతో వివరింపుడు.
4. వలపటి ఎద్దు, దాపటి ఎద్దు అను పేర్లలో సందేహమునకు తావు లేకపోవుటకు కారణమేమి?
5. మీ ఇంటినుండి పాఠశాలకు త్రోవను, కుడి, ఎడమ అను మాటలు వాడకుండ, దిక్కులతోనే వర్ణింపుడు.
6. ఇంటిలోనో పొరుగుననో ఉన్న రెండు మూడేండ్ల బిడ్డ చోటును తెలుపు మాటలలో వేనిని వాడుచున్నదో ఒక వారము గమనించి వ్రాయుడు.